సుగ్రా టీచర్ పంపు పాఠం

సుగ్రా టీచర్ మా కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె బేరానికి వచ్చారనుకున్నాను. చేతిలో గుడ్డ సంచి, చంకలో గొడుగు, చెప్పుల నిండా కాలవ గట్టు దుమ్ము. పంపుల్లో వేసే తోలు వాషర్లు కావాలన్నారు. కొత్త సరుకు ఉందండీ అని డబ్బా తీయబోయాను. కొత్తవి వద్దు, అరిగిపోయి మీరు పారేసేవి కావాలి, ఏ పక్క అరిగిందో పిల్లలు చూడాలి అన్నారు. పాతికేళ్ళుగా మోటార్లు, చేతిపంపులు బాగుచేస్తున్నాను. అరిగిన వాషరు అడిగి పట్టుకెళ్ళిన మనిషిని అప్పుడే చూశాను.

మా కొట్టు గన్నవరం దాటాక, మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి దారి చీలేచోట ఉంటుంది. ఆ దారిన కాస్త దూరం పోతే ఏలూరు కాలవ గట్టు, గట్టు కింద ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. హెడ్మాస్టరు రామకోటేశ్వరరావు గారు నాలుగు, ఐదు తరగతులు చూస్తారు. ఒకటి నుంచి మూడు దాకా సుగ్రా టీచర్. బడి మీదుగా విమానాలు దిగుతాయి. విమానం వచ్చినప్పుడు పాఠం ఆగుతుంది, అది దిగిపోయాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ మొదలవుతుంది. ఆ అరనిమిషంలో కూడా టీచర్ క్లాసులో పిల్లల చేతులు మాత్రం ఆగవు.

ఆమె పుట్టి పెరిగింది విజయవాడ వన్‌టౌన్‌లో. వాళ్ళ నాన్న రహమతుల్లా గారికి తారాపేటలో కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఆరేళ్ళ వయసు నుంచి బడి అయిపోగానే ఆమె పని అక్కడే. స్టవ్వు పంపుల్లోంచి తీసిన తోలు వాషర్లను నూనెలో నానబెట్టి, మెత్తబడ్డాక అంచులు వేలితో సాగదీసి నాన్నకి అందించడం. ఇళ్ళలోకి గ్యాసు వచ్చేశాక ఆయన సైకిలు పంపులు, పొలాల్లో మందు కొట్టే పంపులు పట్టుకున్నారు. ఆ సంపాదనలోనే కూతురికి టీచర్ ట్రైనింగ్ చెప్పించారు. కైకలూరు వైపు కొన్నేళ్ళు పనిచేసి ఆమె మా ఊరి బడికి వచ్చి ఇప్పటికి ఆరేళ్ళు. గుణదలలో ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి గన్నవరంలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వస్తారు. ఆటో రాకపోతే గొడుగు వేసుకుని నడిచి వస్తారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్ ఆమె క్లాసులో పుస్తకాలు మూసేస్తారు. అప్పుడు ఒక్కటే నియమం: చేసి చెప్పాలి. చేయకుండా ఎవరైనా జవాబు చెబితే ఆమె ఒప్పుకోరు, కాదనీ అనరు. "చేసి చెప్పు" అంటారు, అంతే.

ఒకసారి నేను వరండాలో కుళాయి బిగిస్తుంటే ఒకటో తరగతి చక్రి, ఇనుము నీళ్ళలో మునుగుతుంది అన్నాడు. చేసి చెప్పమన్నారు. బకెట్లో మేకు వేశాడు, మునిగింది. గర్వంగా చుట్టూ చూశాడు. వాడు అన్నం తిన్న స్టీలు కంచం ఆమె వాడి చేతికే ఇచ్చారు. అది తేలింది. వాడు కంచాన్ని నొక్కి చూశాడు, తిప్పి చూశాడు, చివరికి అలిగి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రెండు రోజులు ఇంట్లో కనపడ్డ ప్రతి గిన్నెనూ నీళ్ళలో వేస్తున్నాడని వాళ్ళమ్మ నా దగ్గర వాపోయింది. వాడికేమీ చెప్పలేదా అని నేను టీచర్ని అడిగితే, వాడు ఇంకా అడగలేదుగా అన్నారు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. పని నేర్పడంలో నోటికన్నా చేతిదే పెద్ద పాత్ర అని నాకూ తెలుసు. ఆటోనగర్లో నేను పని నేర్చుకున్నప్పుడు మా మేస్త్రీ నెలల తరబడి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. కానీ ఆమెకున్నంత ఓర్పు నాకు లేదని కిందటేడాది తెలిసింది.

కాలవకి నీళ్ళు వదిలిన రోజులవి. బడి వెనక పెరట్లో పిల్లలు వేసిన ఆనప, బెండ పాదులకి కాలవ నీళ్ళు ఎక్కించాలని మూడో తరగతి వాళ్ళు అనుకున్నారు. దానికి వాళ్ళే పంపు చేస్తారని టీచర్ నా దగ్గర ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి కోయించుకున్నారు. లోపల పైకీ కిందికీ ఆడడానికి పాత గొడుగు కర్ర, దాని చివర మూకుడులా వంగిన తోలు వాషరు. అడుగున పైపు మూతికి అడ్డంగా ఒక గోళీ. కర్ర పైకి లాగితే గోళీ లేచి నీళ్ళు రావాలి, కిందికి నొక్కితే గోళీ దిగి మూసుకోవాలి. నేను చూశాను, చేసిన తీరు సరిగానే ఉంది. కానీ తోలు ఎండిపోయి ఉంది, నీళ్ళు రాలేదు. నేను నోరు తెరిచేలోపే టీచర్ నావైపు చూశారు. మూసుకున్నాను.

మా వైపు రైతులకి ఒక అలవాటుంది. మోటారు నీళ్ళు ఎత్తకపోతే పైపులో పేడ నీళ్ళు కలిపి పోస్తారు. చిక్కటి పేడ సందులు పూడుస్తుంది, మోటారు నీళ్ళు పట్టుకుంటుంది. సందులు పూడుస్తుందన్న సంగతి ఎవరూ ఆలోచించరు, పోస్తే నీళ్ళు పడతాయి అంతే. మూడో తరగతి భానుశ్రీ, మా ఊరి రైతు రత్తయ్య మనవరాలు. తాత పొలంలో చేసేది పుట్టినప్పటి నుంచీ చూసిన పిల్ల. పరిగెత్తుకెళ్ళి కొబ్బరి చిప్పలో పేడ తెచ్చి, నీళ్ళలో కలిపి పైపులో పోసింది. నాలుగుసార్లు కర్ర లాగేసరికి కాలవ నీళ్ళు గడగడా వచ్చి పాదులో పడ్డాయి. క్లాసు మొత్తం తేల్చేసింది: నీళ్ళను పైకి లాగేది పేడ.

సుగ్రా టీచర్ కాదనలేదు. పేడేనని ఎలా తెలిసింది, ఇంకేమి పోసి చూద్దాం అని మాత్రం అడిగారు. ఆ వారంలోనే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మంచి మనిషే. పంపు చూసి ముచ్చటపడి, నీళ్ళు పైకి ఎందుకు వస్తున్నాయమ్మా అని భానుశ్రీని అడిగారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని చెప్పింది.

"పేడ పోశాం కాబట్టి సార్."

ఆయన నవ్వేశారు. పోతూ పోతూ, పిల్లలకి సరైన జవాబు నేర్పించండి, ఈసారి వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాను అని టీచర్‌తో చెప్పి వెళ్ళారు. ఆయన నవ్వు ఆయనతోనే పోయేది. కానీ ఆ రోజు వరండాలో పాల కేంద్రం కుర్రాళ్ళు ఇద్దరున్నారు. సాయంత్రానికల్లా మా బడి పేరు పేడ బడి అయిపోయింది. భానుశ్రీ దారిన పోతుంటే, ఏం సైంటిస్టమ్మా, ఇవాళ ఎన్ని తట్టలు పోశావ్ అని అడిగేవాళ్ళు తయారయ్యారు. టీ కొట్టు దగ్గర రత్తయ్యనీ వదల్లేదు.

రత్తయ్యకి అరవై దాటాయి. కొడుకులిద్దరూ ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ కొట్లలో పనిచేసి చీకటి పడ్డాక వస్తారు కాబట్టి ఇంట్లో పిల్లల సంగతి ఆయన చూస్తాడు. భానుశ్రీ పెద్ద కొడుకు కూతురు. రెండో కొడుకు పిల్లలు సాత్విక్, సాయిశ్రీ కూడా ఆ బడిలోనే రెండు, ఒకటి చదువుతున్నారు. వినాయక చవితి అయ్యాక ముగ్గురినీ గన్నవరంలో ప్రైవేటు స్కూల్లో వేసేస్తానన్నాడు. వాళ్ళ వాన్ ఊళ్ళోకి వస్తుంది, టై కట్టి పంపిస్తారు, అక్కడ పేడ పట్టుకోనివ్వరు అని అందరికీ వినపడేలా చెప్పాడు.

అది మాటగా మిగిలితే ఫర్వాలేదు. బడిలో ఉన్నది ఇరవై రెండు మంది. ఈ ముగ్గురూ పోతే పందొమ్మిది. ఇరవై కన్నా తగ్గితే ఇక్కడ రెండో టీచరు ఉండరని రామకోటేశ్వరరావు గారికి అప్పటికే పైనుంచి చెప్పారు. అంటే సుగ్రా టీచర్ ఇంకో ఊరికి వెళ్ళాలి, ఐదు తరగతులూ ఆయన ఒక్కరి నెత్తిన పడాలి. ఆయన పాపం ఒక దారి చూశారు. జవాబు బోర్డు మీద రాసేసి, పిల్లల చేత నాలుగుసార్లు చెప్పించి, రత్తయ్యని పిలిచి వినిపిద్దామమ్మా అన్నారు. ఆమె రాయలేదు.

నేనూ ఊరుకోలేకపోయాను. ఒక సాయంత్రం భానుశ్రీ తాత మోటారుకి బోల్టు కోసం కొట్టుకి వస్తే, ఎవరైనా అడిగితే వాతావరణ పీడనం అని చెప్పమ్మా, ఇక నిన్నెవరూ ఏడిపించరు అన్నాను. మూడుసార్లు చెప్పించాను కూడా.

మర్నాడు బడి వదలగానే టీచర్ నేరుగా మా కొట్టుకి వచ్చారు.

"హనుమయ్య గారూ, భానుకి వాతావరణ పీడనం అని చెప్పింది మీరేనా?"

నేనేనండీ అన్నాను.

"ఇవాళ క్లాసులో లేచి చెప్పింది. చేసి చెప్పమన్నాను. గుడ్లప్పగించి నిలబడిపోయింది. పది రోజులుగా గంజి పోసి, బురద పోసి తిప్పలు పడుతోందండీ ఆ పిల్ల. ఇవాళ పంపు ముట్టుకోలేదు. జవాబు వచ్చేసిందిగా టీచర్ అంటోంది."

నేను స్టూలు లాగి వేశాను. మంచినీళ్ళు ఇచ్చాను. కాసేపటికి ఆమె కోపం తగ్గి, తన సంగతి చెప్పుకొచ్చారు. పదో తరగతి పరీక్షలో ఇదే ప్రశ్న వచ్చిందట. గాలి ఒత్తిడి గురించి పేజీ నిండా రాశారట, మార్కులన్నీ పడ్డాయట. అప్పటికి పదేళ్ళుగా నాన్న కొట్లో ఆ తోలు వాషరు ఆమె చేతిలోనే ఉంది. పుస్తకంలో రాసిందీ, చేతిలో ఉన్నదీ ఒకటేనని తెలియలేదు. ట్రైనింగ్ అయిపోయి ఇంటికొచ్చాక ఒక రోజు స్టవ్వు పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కడ్డీ లాగితే, అప్పుడు తెలిసిందట.

"మా నాన్నకి చెబితే నవ్వారండీ. ఇన్నాళ్ళూ ఏమనుకున్నావమ్మా అన్నారు. నేనేమీ అనుకోలేదు. జవాబు తెలుసు కదా, ఇంకేం అనుకోవాలి?"

మరి పిల్లలు పోతే మీరూ పోవాల్సి వస్తుంది కదండీ అన్నాను. నాకూ భయంగానే ఉంది, నిద్ర కూడా సరిగా పట్టడం లేదు అన్నారు. గ్లాసు కింద పెట్టి, నూనె తగలని కొత్త వాషరు ఒకటి కావాలని మాత్రం అడిగి వెళ్ళారు.

ఆ వాషరు ఇవ్వడానికి సోమవారం మధ్యాహ్నం నేను బడికి వెళ్ళాను. గోడ మీద చార్టు కాగితం అంటించి ఉంది. పైపులో పోసి చూడాల్సినవి వరసగా రాశారు: పేడ, గంజి, ఇడ్లీ పిండి, బురద, ఉత్త నీళ్ళు. అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో, హనుమయ్య గారి మాట. అది ఎలా పోయాలో తెలియక దాని పక్కన ఖాళీ వదిలేశారు. పిల్లలు కాగితం వైపూ నావైపూ చూసి కిసకిసలాడుతుంటే నేను చూడనట్టు వాషరు టీచర్ చేతిలో పెట్టాను.

అంతలో రత్తయ్య వచ్చాడు. జేబులో మడత పెట్టిన కాగితం, ముగ్గురు పిల్లల టీసీలకి అర్జీ. హెడ్మాస్టరు గారు మండలాఫీసులో మీటింగుకి వెళ్ళారు, మూడున్నరకి గాని రారు. వచ్చిన పని చూసుకునే వెళ్తానని రత్తయ్య వరండాలో పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. టీచర్ కూర్చోండి పెద్దాయనా అన్నారు తప్ప అర్జీ సంగతి ఎత్తలేదు. పిల్లలతో పని కానిచ్చారు.

పంపు బకెట్లో పెట్టారు. అరిగిన పాత వాషరే ఇంకా దానికి ఉంది. అందరూ చూసేలా మళ్ళీ గంజి పోశారు, నీళ్ళు వచ్చాయి. కడిగి ఇడ్లీ పిండి పోశారు, వచ్చాయి. బురదకీ వచ్చాయి. ఉత్త నీళ్ళు పోస్తే మాత్రం రెండు లాగులకి కాస్త వచ్చి ఆగిపోయాయి. రత్తయ్య అప్పటిదాకా మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు. అది చూసి నావైపు తిరిగాడు.

"చూశావా? చిక్కదనం ఉండాలే. అందుకే పేడ అనేది. నలభై ఏళ్ళ సేద్యం నాది."

చిక్కదనం అని చార్టు మీద రాయమని టీచర్ సాయిశ్రీకి సుద్ద బదులు స్కెచ్ పెన్ను ఇచ్చారు. రత్తయ్యకి కాస్త తృప్తి కలిగింది. కానీ చెల్లెలు రాసేదాకా భానుశ్రీ ఆగలేదు. పైపుకి చెవి ఆనించి తమ్ముణ్ణి లాగమంది. సాత్విక్ లాగాడు. మళ్ళీ లాగమంది.

"తాతా, ఇట్రా. చెవి పెట్టు."

పిల్లలందరి ముందూ రత్తయ్య మోకాళ్ళ మీద వంగి పైపుకి చెవి పెట్టాడు. సుయ్‌మంటోందేంటే అన్నాడు. గంజి పోసి మళ్ళీ వినమంది. ఈసారి ఏమీ వినపడలేదు, నీళ్ళు వచ్చాయి. భానుశ్రీ అరుపులాంటి గొంతుతో, నీళ్ళు రానప్పుడే సుయ్‌మంటోంది టీచర్, తోలు పక్క నుంచి గాలి దూరుతోంది అంది.

"గాలి దూరకపోతే?" అన్నారు టీచర్.

"ఏమీ పొయ్యకపోయినా రావాలి."

"చేసి చెప్పు."

ఏం చేయాలో ఆ పిల్లకి వెంటనే తోచలేదు. పాత వాషరు ఊడదీసి వేళ్ళతో వంచి చూసింది, అంచు గట్టిగా, పగుళ్ళుగా ఉంది. కొత్తది పెడదామంది. పెట్టారు. అదీ సుయ్‌మంది. పిల్ల మొహం వాడిపోయింది. నా నాలుక చివర నూనె అన్న మాట వచ్చి నిలబడింది. టీచర్ ఈసారి నావైపు చూడను కూడా లేదు. కానీ ఆమె వేళ్ళు చీర కొంగు మెలిపెడుతున్నాయి. విమానం ఒకటి దిగుతూ వెళ్ళింది. ఆ చప్పుడు తగ్గేసరికి రత్తయ్య మనవరాలి చేతిలోంచి వాషరు తీసుకుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"ఇది చెప్పుల తోలులా ఉందే. కొత్త చెప్పులకి మనం ఏం రాస్తాం?"

"ఆముదం," అంది భానుశ్రీ.

ఆముదం ఎవరి దగ్గరా లేదు. వంట చేసే మార్త గారి దగ్గర వంటనూనె ఉంటే గిన్నెలో పోసి కాస్త వెచ్చచేసి ఇచ్చారు. వాషరు అందులో నానాలి. ఆ అరగంట రత్తయ్య వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. పిల్లలతో పాటు గిన్నె చుట్టూ కూర్చుని, రెండు నిమిషాలకోసారి వేలు పెట్టబోయే చక్రి చెయ్యి తోసేస్తూ, నాననివ్వరా అంటూ కాపలా కాశాడు.

నానిన తోలు మెత్తగా సాగింది. అంచులు వేలితో ఎలా తెరవాలో టీచర్ తన చేతులతో చేసి చూపించారు. ఆ రోజు మొత్తంలో ఆమె చూపించింది అదొక్కటే. చిన్నప్పటి నుంచీ చేసిన పని కాబట్టి ఆ వేళ్ళకి కళ్ళతో అవసరం లేకపోయింది. వాషరు కర్రకి బిగించి పైపులో దింపారు. పైన ఏమీ పోయలేదు. భానుశ్రీ కర్ర తాత చేతికి ఇచ్చింది.

ఆయన లాగాడు. ఆగి, మళ్ళీ లాగాడు. మూడో లాగుకి పైపు మూతి నుంచి తేటనీళ్ళు ఆయన చొక్కా మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

"చెయ్యి బరువెక్కుతోందేంటమ్మా," అన్నాడు. ఇంకోసారి లాగి, "అయితే ఈ నీళ్ళని లాగేది ఎవరు?"

"మీరేమనుకుంటున్నారు?" అన్నారు సుగ్రా టీచర్.

"అడిగితే చెప్పరా మీ బడిలో?"

"చేసి చెప్పు తాతా," అన్నాడు సాత్విక్. అందరూ నవ్వారు. రత్తయ్య కూడా నవ్వి, పైపు బకెట్లోంచి తీసి అడుగున గోళీ ఊడదీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. సాత్విక్‌ని లాగమన్నాడు. అరచెయ్యి పైపు మూతికి అంటుకుపోయింది. లోపలికి పీకుతోందిరా అన్నాడు. భానుశ్రీ తన చెయ్యి పెట్టి చూసి, చాలాసేపు ఆలోచించి, లోపలి నుంచి పీకుతోందో బయటి నుంచి నొక్కుతోందో తెలియడం లేదు టీచర్ అంది. టీచర్ రేపు చూద్దాం అన్నారు. రేపటికి ఈ పిల్ల ఇక్కడ ఉంటుందో లేదో ఆమెకి తెలియదు.

మూడున్నరకి రామకోటేశ్వరరావు గారు బండి దిగి, వరండాలో రత్తయ్యని చూసి గతుక్కుమన్నారు. ఏంటండీ ఇలా వచ్చారు అని అడిగారు. రత్తయ్య జేబు తడుముకున్నాడు. కాగితం తడిసి ముద్దయింది. భోజనాలు ఎలా పెడుతున్నారో చూద్దామని వచ్చాను అన్నాడు. భోజనాలు అయిపోయి మూడు గంటలైందని ఎవరూ అనలేదు. లేస్తూ భానుశ్రీని, నిక్కరు నిండా నూనె చేసుకున్న సాత్విక్‌ని, సాయిశ్రీని పిలిచి ఇంటికి బయల్దేరదీశాడు. గేటు దగ్గర ఆగి వెనక్కి చూసి, రేపు దీనికి ఆ నొక్కేదో పీకేదో తేల్చండమ్మా, రాత్రంతా నన్ను తినేస్తుంది అన్నాడు.

రత్తయ్య మళ్ళీ అర్జీ రాయలేదు. భానుశ్రీ ఇప్పుడు నాలుగో తరగతి, సుగ్రా టీచర్ ఇంకా గుణదల నుంచి వస్తూనే ఉన్నారు. గన్నవరం స్కూలు మాటేమైందని టీ కొట్టు దగ్గర అడిగినవాళ్ళకి రత్తయ్య ఒకటే చెబుతాడు: ఆ వాన్ పొద్దున్న ఆరున్నరకే వచ్చేస్తుందట, పసిపిల్లలకి నిద్ర చాలదు. ఆ వాన్ రోజూ మా కొట్టు ముందు నుంచే వెళ్తుంది. ఎనిమిదింబావుకి.